నడిచొచ్చిన చర్చి

ఏదీ, ఆ అపార్ట్‌మెంట్ల సందులో ఇరుక్కుని కూర్చుందే, ఆ చర్చేనా? అది అక్కడ పుట్టింది కాదురా రెముసూ, నడిచొచ్చింది. నవ్వకు. పరస్కీవ పెద్దమ్మ, అదే మా అమ్మకి అక్క, దాన్లో కూర్చునే వచ్చింది. మన బుకారెస్ట్‌ని తుర్కులు తగలబెట్టారు, ప్లేగొచ్చి ఊడ్చేసింది, భూకంపాలొచ్చాయి, బాంబులు పడ్డాయి. ప్రతిసారీ జనం ఆ బూడిదలోనే మళ్ళీ గోడలు లేపారు. "ఈ ఊరికి చావడం అలవాటే, లేవడమూ అలవాటే" అనేది ఆవిడ, పెరట్లో వంకాయలు కాలుస్తూ. ఆ వంకాయ పచ్చడి ఇప్పుడెవరు చేస్తున్నార్లే. ఆఁ, ఎక్కడున్నాను? అప్పటి ప్రభుత్వంలో పైవాళ్ళకి పెద్ద భవనం కట్టాలని బుద్ధి పుట్టింది. దానికి మా వీధులన్నీ అడ్డొచ్చాయి. ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. చర్చిని మాత్రం ఎవరో ఇంజనీరు కూల్చొద్దని బతిమాలి, పునాది కోసి, పట్టాలమీద పక్కకి జరుపుతానన్నాడట. పెద్దమ్మ అదంతా విని, "లోపల మనిషుంటే కదపరు. చర్చి కదలకపోతే వీధినీ ముట్టుకోరు" అనుకుని, పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా దూరి పూజాపీఠం ముందు దేవుడి పటాలతో కట్టిన అడ్డు తెర వెనకాల కూర్చుంది. మేమేమో ఆవిడ కోసం సందుసందూ గాలిస్తున్నాం. ఈలోగా చర్చి కదిలింది. గంట స్తంభంతో సహా, అంత చర్చీ.

సాయంత్రం ఆగాక తలుపు తెరుచుకుంది. చూద్దును కదా, పెద్దమ్మ. తలగుడ్డ సర్దుకుంటూ నవ్వుతోంది. "భయపడి మానేశారు కదూ?" అంది. లోపల కుదుపే తెలీలేదు మరి. అప్పుడు తలెత్తింది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, కొత్త అపార్ట్‌మెంటు సిమెంటు గోడ. "మన వీధేదిరా?" అంది. ఇళ్ళు కూలుస్తుంటే దుమ్ము లేస్తున్న వైపు చూపించాను. ఏడుస్తుందనుకున్నా, కనీసం తిడుతుందనుకున్నా. ఏమీ లేదు, మళ్ళీ లోపలికెళ్ళింది. నేనూ వెంటెళ్ళాను. నువ్వు చర్చి గడప తొక్కవు గనక చెప్తున్నా, బతికున్నవాళ్ళ కొవ్వొత్తులు ఒక ఇసుక పళ్ళెంలో, పోయినవాళ్ళవి ఇంకోదాన్లో గుచ్చాలి. చిన్నప్పుడు పొరపాటున మారిస్తే వీపు విమానం మోత మోగించేవాళ్ళు. అలాంటిది, పెద్దమ్మ ఒక్కొక్కటే వెలిగిస్తూ, పేరు చెప్తూ, పోయినవాళ్ళ పళ్ళెంలో గుచ్చడం మొదలెట్టింది. పక్కింటి ఫ్లోరియా. రొట్టెలమ్మే సావెత. మా అమ్మ. "పెద్దమ్మా, వీళ్ళంతా బతికే ఉన్నారే" అన్నాను. ఇంకో కొవ్వొత్తి వెలిగించి, నా మొహంలోకి చూస్తూ, నా పేరు చెప్పింది.

...కాఫీ చల్లారిపోతోంది, తాగు.