గీత పడని రోడ్డు

కాలేజీ వెనక రోడ్డు మీద తన జట్టు తయారుచేసిన రేసుకారు రయ్యిమని దూసుకుపోయాక గానీ ఇంజనీరింగ్ చదివే ఆ అమ్మాయికి ఊపిరాడలేదు. పక్కనే తల్లి రోడ్డంతా వెతుకుతోంది.

"నువ్వు చేసిన పనేది బిడ్డా? ఏం కనవడ్తలేదు."

"గా పక్కన నల్ల గీతలు చూసినవా అమ్మా? పొద్దున మా జట్టు పోరగాళ్లు కారు ఎనక గట్టి స్ప్రింగులేసి ఉరికిస్తే, ఎనక టైర్లు ఉన్నకాడనే గిరగిర తిరిగినయ్."

"మరి నీయి?"

"నేను మెత్తటియి ఏసిన. కారు ఎనక్కి కూసుంటది, బరువు టైర్ల మీద వడ్తది, రోడ్డును పట్టుకుంటయ్. ఒక్క గీత వడలే! పోటీకి నా స్ప్రింగులే ఉంచుతరట."

"అంటే ఏం లేకపోవుడే నీ గెలుపా?"

"అవునమ్మా."

"అయితే గా ఖాళీ రోడ్డునే ఫొటో తియ్యి. ధర్మసాగర్ల ఉన్న మీ మేనత్త ఆడపిల్లకు కార్ల పనెందుకన్నది గదా, ఆమెకు చూపెడ్త."