సముద్రం ఎరగని పాటలు

స్నేహితుల బ్యాండు తొలి రికార్డు విడుదలైన సాయంత్రం, ఆ బ్యాండును వదిలేసి ఆఫీసు ఉద్యోగంలో చేరిన తమ్ముడు అక్క వంటింట్లో కూర్చుని దాన్ని వింటున్నాడు.

“ఏ పాట చూడు, అలలూ ఇసకా ఎండా! వాళ్లలో ఒక్కడికీ ఈత రాదు.”

“నీకొచ్చా?”

“రాదు కాబట్టే నేను సముద్రం జోలికి పోలేదు. ఆ గొంతు వినక్కా, నోట్లో ఐస్‌క్రీం పెట్టుకుని పాడుతున్నట్టు లేదూ?”

“హాయిగానే ఉందిరా.”

“పంచదార నీళ్లు కూడా హాయిగానే ఉంటాయి. వేసవి దాటితే వీళ్లనెవడూ తలుచుకోడు.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. వాళ్లేమైనా నిన్ను తరిమేశారా? ఈ పిచ్చిపాటలు కూడు పెడతాయా అని నువ్వే గిటారు వాళ్ల ముందు పడేసి వచ్చావు.”

ఇంతలో ఇంకో పాట మొదలైంది. అక్క గరిటె పక్కన పెట్టి చెవి ఒగ్గింది.

“ఇది మాత్రం భలే ఉందిరా. ఎవరు కట్టారు?”

“నేనే. అక్కడున్నప్పుడు.”

“అయ్యో! మరి అట్ట మీద నీ పేరు వేశారా?”

“వేశారు. అందరికంటే పైన వేశారు, వెధవలు!”