గొలుసు ప్రార్థన

హలో… ఆ, నేనే మేనేజరు గారూ, బెంజిమిన్‌ని…

క్వారీ గేటు కాడే ఉన్నా. పొద్దున ఎనిమిదింటి నించీ.

కదలదు సార్. ముందు ఆడోళ్ళు, వెనక పదకొండు టిప్పర్లు. మధ్యలో నా బండి…

అవును, మా ఆమే. రాహేలే. మా పేట ఆడోళ్ళందర్నీ తెచ్చి రోడ్డు మీద చాపలేసింది.

అరగంట ప్రార్థనని మీకు చెప్పింది నేనే, కాదన్లా. ఆమేన్ అంటే అయిపోద్దనుకున్నా. ఇది గొలుసు ప్రార్థనంట—

గొలుసంటే… ఒకామె చేస్తా ఉంటది. ఆమె ఆపేలోపు ఇంకొకామె అందుకుంటది. చివరామె దాకా ఆమేనే ఉండదు.

ఇరవయ్యారు మంది. చుట్టు అయినాక మళ్ళీ మొదటామె కాడికే వస్తదంట… నవ్వుతారేంది సార్?

పాస్టర్ గారా? బండేసుకుని నరసరావుపేట పోయాడు. గుడికి రేకులేయించారుగా మీరు, ఇంక ఆయనకి నోరెక్కడిది…

ఎవురు నేర్పారా! మొన్న గుంటూరులో ఆడోళ్ళ సభలకి పోయింది. అమెరికా నించి ఒక నల్లజాతి పాస్టరమ్మ వచ్చిందంట. వాళ్ళ ఊళ్ళో విషం మట్టి పోసే లారీల ముందు ఆమే, చర్చి ఆడోళ్ళూ అడ్డం పడుకున్నారంట. ఇంక చూడండి, ఆ రోజు నించీ మా ఇంట్లో పొయ్యి తక్కువ, ఉపవాసాలెక్కువ. 'ఆమెది మన రంగే' అంటది. ఆ రంగు నాకూ ఉందిగా, నా మాట వినదేం?…

ఏం కావాలంటే… పేటకి ఆనుకుని కొత్త గొయ్యి తవ్వొద్దంట. దుమ్ముకి పిల్లలకి ఆయాసాలు—

దగ్గు నాదే సార్. ఫోన్‌ది కాదు.

ఆ, జాన్‌బీ కూడా కూర్చుంది, మెకానిక్ హబీబ్ భార్య. ఆమె దువా ఆమె చేస్తంది. ఇద్దరికీ ఒకటే దుమ్ము కదా…

హారన్ కొట్టా. ఇంకా గట్టిగా అందుకున్నారు.

ఏందీ?… మెల్లగా ముందుకి పోనియ్యాలా?

లేస్తారా? ఇరవై రెండేళ్ళు కాపరం చేశా సార్, అది లేవమంటే లేచే మనిషి కాదు. బంపర్‌కీ దానికీ రెండు బారలు లేదు…

పని తీసేస్తారా… ఆరో తరగతిలో బడి మానినోణ్ణి, స్టీరింగ్ తప్ప ఇంకేం తెలుసు నాకు? ఇంటికి పోతే ఆమె, ఇక్కడ మీరు…

వెనక టిప్పరు అఖిల్‌కా? నా బండి తాళం వాడికియ్యాలా?… వాడు పోనిస్తానన్నాడా?

సైడు అద్దంలో కనపడతన్నాడు. వస్తన్నాడు…

సార్, వినండి. ఆమె లేవదు. వాడు ఆపడు.

తాళం ఇయ్యను.

ఇయ్యనన్నా సార్. రెండు తలుపులూ లాక్ చేశా, అద్దాలెత్తా. కేసు పెట్టుకోండి—

ఒరేయ్ అఖిల్, తలుపు గుద్దమాక!

భక్తా? నాకేం భక్తి సార్! ఆమె మీద పెద్ద ప్రేమా లేదు. దిగితే తాళం లాక్కుంటాడు. అందుకని దిగట్లా, అంతే…

అరవండి. వినపడతంది. ఈ రేకు డబ్బాలో ఎండకి ఉడికి చస్తన్నా…

ఇదిగో, ఆమె వెనక్కి తిరిగింది… ఛీ అంటంది నన్ను. మీ మాట విని తన మీదికి బండి పెట్టుక్కూర్చున్నా అనుకుంటంది. అద్దం దించి చెప్దామంటే వీడు చెయ్యి దూరుస్తాడు…

సార్, మీరన్నా ఎవురితోనన్నా చెప్పించండి ఆమెకి, నేను—

హలో?… హలో, సార్?…

పెట్టేశాడు.