పెద్దమ్మ

గన్నవరం దగ్గర ఒక పల్లె, 2008. ఇంటి ముందు పశువుల పాక దగ్గర మాణిక్యం, ఆమె తమ్ముడు కోటేశ్వరరావు. వాళ్లమ్మ సీతారావమ్మ లోపల మంచం మీద ఉంది.

"లోపలికి రాకుండా ఇక్కడే నిలబడిపోయావేంట్రా కోటీ?"

"వస్తాలే అక్కా. ఇక్కడ నల్లగేదె ఉండేది కదూ? దాని మీదెక్కి కాలవ దాకా వెళ్లేవాణ్ణి."

"అది పోయి చాన్నాళ్లయింది. పద. అమ్మ పొద్దుట్నుంచీ నీ పేరే పలవరిస్తోంది. ఇంక ఇంటికి తీసికెళ్లిపొమ్మన్నారు డాక్టరుగారు, ఫోన్లో చెప్పాగా."

"చెప్పావు. పొలంలో దమ్ము చేసేటప్పుడు నాన్న నన్ను బల్ల మీద కూచోబెట్టేవాడు, గుర్తుందా? ఎడ్లు లాగుతుంటే మొహం నిండా బురద. నువ్వు గట్టు మీద నిలబడి నవ్వేదానివి."

"నవ్వానేమో."

"నవ్వావు. నీళ్ల బోదెలో చేపపిల్లని పట్టి నా చొక్కాలో వేశావు కూడా. పిన్ని వాళ్లింట్లో పడుకుని అవే తల్చుకునేవాణ్ణి. నువ్వు అదృష్టవంతురాలివి అక్కా, ఇక్కడే పెరిగావు."

"అదృష్టమా?"

"కాదా?"

"నీకు ఆరేళ్ల లోపువి గుర్తున్నాయి. నాకు ఆ తర్వాతవి గుర్తున్నాయి. నువ్వు వెళ్లిన ఏడే నన్ను బడి మాన్పించారు. మంచు ఆరకముందే మినుము తీతకి పోవాలి. అరచేతులు కోసుకుపోయి, అన్నంలో కారం తగిలితే ఏడ్చేదాన్ని. నాట్లప్పుడు జలగలు. నువ్వక్కడ టై కట్టుకుని బడికెళ్తున్నావని నాన్న చెప్పేవాడు. మెడకి అదెలా కడతారా అనుకుంటూ కలుపు తీసేదాన్ని."

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వడిగితేగా."

"ఏమని అడగను? రైలు చూపిస్తానని తీసికెళ్లాడు నాన్న. బెజవాడలో పిన్ని వాళ్లింట్లో కూచోబెట్టి, ఇప్పుడే వస్తానన్నాడు. చీకటి పడేదాకా వాకిట్లోనే కూచున్నా. మర్నాటి నుంచి పిన్నిని అమ్మా అనమన్నారు."

"తెలుసు."

"తెలుసు, తెలుసు అంటావు. అమ్మకి తెలీదా మరి? ఒక్కసారన్నా వచ్చిందా?"

"పుష్కరాలకి వచ్చింది కదరా, సున్నుండలు చేసుకుని. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"అక్కడేం జరిగిందో మాకు చెప్పలేదు. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం ముట్టలేదు. ఇంక బెజవాడ వెళ్లనంది, వెళ్లలేదు."

"పిన్ని నా భుజం మీద చెయ్యేసి, ఎవరొచ్చారో చెప్పు నాన్నా అంది. పెద్దమ్మ అన్నాను. అలా అనాలని ముందే నేర్పి పెట్టింది. అమ్మ... ఆవిడ సున్నుండల డబ్బా గుమ్మంలో పెట్టేసి వెళ్లిపోయింది."

"అదా జరిగింది."

"అదే జరిగింది. ఇప్పుడు లోపలికొచ్చి ఏమని పిలవను?"

"నీ నోటికేదొస్తే అదే పిలువు. వినపడుతుందో లేదో కూడా తెలీదు. రా."

"నాన్న పోయినప్పుడు నేను శ్మశానం నుంచే వెళ్లిపోయింది కూడా ఇందుకే. ఇంటి వైపు కాళ్లు రాలేదు. పిన్నికి పిల్లల్లేరు, సరే. ఇద్దరం ఉన్నాం కదా, నన్నే ఎందుకిచ్చేశారు? అది చెప్పు, వస్తా."

"ఇప్పుడెందుకురా అవన్నీ."

"అల్లరి చేసేవాణ్ణనా?"

"కాదు."

"నామీద ఇష్టం లేకా?"

"కాదంటున్నానా."

"మరి?"

"పిన్ని అడిగింది నిన్ను కాదు. నన్ను."

"నిన్నా?"

"ఇంట్లో తోడుగా ఆడపిల్ల కావాలంది. నాన్న సరేనన్నాడు. నా గౌన్లు సంచిలో సర్దేశారు కూడా. తీరా బయల్దేరబోతుంటే అమ్మ అడ్డుపడింది. దీన్నొద్దు, కోటిగాణ్ణి తీసికెళ్లమంది."

"అంటే అమ్మే నన్ను..."

"పూర్తిగా విను. మగపిల్లాణ్ణి ఎవరన్నా ఇచ్చుకుంటారా అని నాన్న కేకలేశాడు. నేను తలుపు పక్కనే ఉన్నా. అమ్మ ఏమందో తెలుసా? ఆడపిల్లని ఇచ్చేస్తే మళ్లీ వాళ్లు పంపితే గానీ రాలేదండీ, వాడు మగపిల్లాడు, కాస్త పెద్దయితే ఎవర్నీ అడక్కుండా బస్సెక్కి వాడే నా దగ్గరికి వచ్చేస్తాడు, అంది."