కనబడని మంటకు ఎదురు నిలిచిన భూమేష్ గారు

2003 అక్టోబరు పన్నెండవ తేదీన, ఈ ఎడారి దేశంలో సఖీర్ దారిలోని మా కార్ల వర్క్‌షాపులో సహాయ మెకానిక్‌గా చేరిన శ్రీ భూమేష్ గారు, భద్రతా పర్యవేక్షకులుగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

మెట్‌పల్లి నుండి వచ్చిన తొలినాళ్లలో టైర్లు విప్పడం, ఇంజిన్లు కడగడమే ఆయన పని. క్రమంగా టర్బో ఇంజిన్లపై పట్టు సాధించి, పందెపు కార్లకు మిథనాల్ పిచికారీ అమర్చే విభాగానికి బాధ్యులయ్యారు. ఇంజిన్‌లోకి టర్బో ఒత్తిడితో నెట్టే వేడి గాలిని చల్లార్చి బలం పెంచే ఆ ద్రవం అంటుకుంటే, పట్టపగలు దాని మంట కంటికి ఆనదు.

ఒక వేసవి మధ్యాహ్నం సహోద్యోగి నిసార్ గారు ఆరుబయట బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజిన్‌పైకి వంగి చూస్తున్నారు. మిథనాల్ గొట్టం అతుకు ఊడి, ద్రవం కాలుతున్న టర్బోపై పడింది. పక్కనే ఉన్న భూమేష్ గారికి మంట కనబడలేదు. గాలి వణకడం, రబ్బరు ముడుచుకుపోవడం మాత్రం కనబడ్డాయి.

“నిసార్ భాయ్, ఎన్కకు జరుగు! అంటుకున్నది!”

“ఏడ భాయ్? మంటే లేదు గదా!”

ఆ మాట పూర్తయ్యేలోపే భూమేష్ గారు నిసార్ గారిని చొక్కా పట్టి వెనక్కు లాగి, చేయి కాలుతున్నా ఇంజిన్ ఆపి, నీటి పైపుతో కారును ముంచెత్తారు.

ఆసుపత్రిలో ఆ చేతి కట్టును చూసి నిసార్ గారు కన్నీరు పెట్టుకున్నారు. “ఏడ్వకు భాయ్. నేను గప్పుడు అక్కడ లేకపోతే ఏమైతుండెనో, గదే నా భయం. ఇగ మనిషి కంటి మీద భారం పెట్టద్దు” అన్నారు భూమేష్ గారు.

కోలుకొని వచ్చాక ఆయన మిథనాల్‌ను తట్టుకునే గొట్టాలు తెప్పించి, వాటిని టర్బోకు దూరంగా నడిపించారు. ట్యాంకు ఆవిరి కారు లోపలికి రాకుండా బయటికి దారి పెట్టించారు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేనిదే ఎవరినీ ద్రవం ముట్టనివ్వలేదు. మిథనాల్ ధార తగ్గిన క్షణమే టర్బో ఒత్తిడిని దానంతటదే తగ్గించే ఏర్పాటు లేనిదే ఏ కారునూ గేటు దాటనివ్వలేదు.

పందెం ముందురోజు ఒక ఖాతాదారు వేగం తగ్గుతుందని ఆ ఏర్పాటు తీసేయమని పట్టుబట్టగా, “నా చేతితోని తియ్య సార్” అని ఊరుకున్నారు. ఆ గిరాకీ పోయింది. యజమాని కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. భూమేష్ గారు మాత్రం మాట మార్చలేదు.

చేతి మీది మచ్చను వేడినీళ్లు పడిన గుర్తుగా ఇంట్లో చెప్పుకున్న ఆయన, మా వర్క్‌షాపు పత్రిక ఈ సంచిక మెట్‌పల్లి చేరిన నాడు శ్రీమతి జమున గారికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. ఇన్నేళ్లూ ఫోనులోనే కాపురం చేసిన ఆ దంపతులు ఇకమీదట ఎదురెదురుగా కూర్చొని, తనివితీరా పోట్లాడుకుంటూ, ఆయురారోగ్యాలతో చిరకాలం సుఖంగా ఉండాలని మా అందరి ఆకాంక్ష.