మామయ్య గుండె కరెంటు

రేపు పొద్దున మా అత్తమ్మ దేవమ్మను ఆసుపత్రిలో చేర్చాలి. గుండె దడ. తొడ మొదట్లోంచి సన్నటి తీగ గుండెదాకా పంపి, లయ తప్పిస్తున్న చోట కొంచెం కాలుస్తారట. ఆమెకు తీగంటే భయం లేదు. పుస్తెలతాడు తీసి రమ్మన్నారు, అదే ఆమె బాధ. "తియ్య. పోను," అని కూర్చుంది.

ధైర్యం చెప్పడానికి ఆమె తమ్ముడు పర్వతాలు మామయ్య బన్సీలాల్‌పేట్‌లోని మా అరుగు మీదికి వచ్చాడు. పక్కింటి ఇస్మాయిల్ భాయ్ చాయ్ తెచ్చాడు.

"గిదేం పెద్ద పనక్కా? పోయినేడు నాకు సుత చేసిండ్రు. జెర దడ ఉండె, అంతే. మిషన్ పెడితే గుండె నిమిషానికి నాలుగొందల సార్లు కొట్టుకుంటుంది! కాయితం ఆగకుంట వస్తనే ఉంది, మన బస్తీల మెట్లబావి దాంక పరిచిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"చెప్పు," అంది అత్తమ్మ, ముఖం తిప్పకుండానే.

పోయినేడు ఆ రోజు నాకు బాగా గుర్తు. పొద్దున ఆసుపత్రికి పోయిన మనిషి మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికొచ్చాడు, కాళ్లకు చెప్పుల్లేకుండా. నేనేమీ అడగలేదు.

"మత్తు వద్దన్న. లోపల డాక్టర్ సాబ్ దారి తప్పితే, 'ఎడమకు సార్, అగో, ఆడనే' అని నేనే చూపిచ్చిన. కాల్చుడు షురూ చేసిండ్రో లేదో, కరెంట్ పోయింది! అందరు పరేషాన్. 'తీగ ఉల్టా పెట్టుండ్రి, నా గుండెల కెళ్లి కరెంట్ తీస్కోండ్రి' అన్న. తిరుమలగిరి దాంక బల్బులు భగ్గుమన్నయ్, బొల్లారంల రైలు సుత కదిలింది!"

"అందుకేనా భాయ్, ఆ రోజు మా ఫ్యాన్ గట్ల తిరిగింది?" అన్నాడు ఇస్మాయిల్ భాయ్.

"మరి!" మామయ్య చొక్కా ఎత్తాడు. "అసలు సంగతి గిది. అమ్మ పోయేముందు కట్టిన మొలతాడు. ఒక్క దినం తియ్యలే. అదే కాపాడింది."

అత్తమ్మ అప్పుడు ఇటు తిరిగింది.

"ఆ దినం సుత తియ్యలే?"

"తియ్యలే!"

"నిన్న నర్సమ్మ చెప్పింది తమ్మీ. తీగ పెట్టే జాగ గొరిగి కడుగుతరంట. నడుముకు నూలుపోగు సుత ఉండనియ్యరంట. విప్పకుంటె కత్తెర పెడ్తరంట."

మామయ్య చొక్కా దించుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"కత్తెర తెచ్చింది సిస్టర్," అన్నాడు సన్నగా. "అమ్మ కట్టింది కదక్కా... చెప్పులు సుత ఏస్కోకుంట వచ్చేసిన."

"దడ?"

"ఉంది. ఇప్పుడు సుత ఉంది."

అత్తమ్మ మెడలోంచి పుస్తెలతాడు తీసి, కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టింది. "దేవుని కాడ పెట్టు బిడ్డా. పక్కన జెర జాగ ఉంచు."

తర్వాత తమ్ముడి చొక్కా అంచు పట్టుకుంది.

"రేపు నాతోని వస్తున్నవ్. మొలతాడు నేనే విప్పుతా. అమ్మ ముడేస్తుంటే దారం పట్టింది నేనే."