గట్టు వదిలిన నర్సమ్మ

1971లో తమ్ముడు సముద్రంలో పోయిన దగ్గర్నుంచి సింగయ్య నీళ్ళలో కాలు పెట్టలేదు. రేపల్లె ఆసుపత్రి నర్సు వసుంధర వారం వారం ఆ పల్లెకి వచ్చి అతన్ని పలకరించి, మాత్రలిచ్చి పోతుంది. ఆ మధ్యాహ్నం ఆమెను సాగనంపడానికి అతను కాలవ గట్టుదాకా వచ్చాడు. పడవ ఉంది, పడవవాడు లేడు.

“నిద్ర పడుతోందిగా సింగయ్యా?”

“పడతందండి.”

“మరి కాస్త కాలవ దాటించకూడదూ? బస్సెళ్ళిపోద్ది.”

“అదొక్కటీ అడక్కండమ్మా. నీళ్ళు చూస్తేనే గుండె దడదడలాడుద్ది.”

“సరేలే, బలవంతమేం లేదు. నేనే వేసుకుపోతా.”

“మీకు తెడ్డెయ్యటం వచ్చా అండి?”

“ఇన్నాళ్ళూ చూస్తున్నాగా! అదేమన్నా బ్రహ్మవిద్యా?”

పడవ గట్టు వదిలి, కాలవలో గానుగెద్దులా గుండ్రంగా తిరగసాగింది. వసుంధరకి పై ప్రాణం పైనే పోయింది.

“ఎడం పక్కెయ్యండి! ఎడం పక్కండీ!”

“ఎడం పక్కే వేస్తున్నానయ్యా!”

“అది కుడండీ బాబూ! నిలబడమాకండి, కూకోండి! అయ్యయ్యో, ఒరిగిపోతంది!”

దబ్బుమని చప్పుడైంది. ఆమె భయంతో కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పడవ నిలకడగా ఉంది, దాని అంచు పట్టుకుని సింగయ్య ఉన్నాడు.

“సింగయ్యా, గుండెలోతు నీళ్ళలో ఉన్నావు, తెలుసా?”

అతను కిందికి చూసుకున్నాడు.

“మీరనేదాకా తెలీలేదండి.”

“భయంగా ఉందా?”

“ఉందండి. కానీ ముందా తెడ్డిటివ్వండి. నాకిప్పుడు నీళ్ళకంటే మీరంటేనే ఎక్కువ భయంగా ఉంది.”